అది ఉత్తరం కాదు, డైలాగ్!

మౌనస్వామీ,

వంటైంది, చల్లారకముందే తిను. కుళాయి బాగుచేసే ఆయన నాలుగింటికి వస్తాడు. అన్నిటికంటే ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యి. “ఏమ్మా, పెళ్లై మూడు నెలలు కాలేదు, అప్పుడే వెళ్లిపోతానంటున్నావట?” అని పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఆవిడ ఒకటే ఏడుపు. నాకు తల తిరిగిపోయింది. తర్వాత బల్ల మీద నా కాగితం చూస్తే సంగతి అర్థమైంది.

“మనం తొందరపడ్డామేమో, నేను వెళ్లిపోతాను” అన్నది నీకు రాసిన ఉత్తరం కాదు మహానుభావా! నేను డబ్బింగ్ చెబుతున్న సినిమాలో హీరోయిన్ డైలాగ్. కొత్తగా పెళ్లైన ఇద్దరు, అనవసరంగా చేసుకున్నామా అని తల పట్టుకునే కామెడీ. ఇన్నాళ్లూ పక్కింటావిడలకీ నర్సులకీ డబ్బింగ్ చెప్పిన నాకు ఈసారి హీరోయిన్‌కి గొంతిచ్చే అవకాశం ఇచ్చారు! పని పూర్తయ్యాక చెబుదామని దాచాను. మీ అక్కకి చెప్పే బదులు నువ్వు నోరు తెరిచి నన్నే అడగొచ్చుగా?

దాని కింద నువ్వు పెన్సిల్‌తో రాసింది చదివాను. “తొందరపడ్డాం, నిజమే. ఇకమీదట నిదానంగా కాపురం చేద్దాం. వెళ్లకు.” సినిమాలో హీరో పేజీన్నర మాట్లాడినా ఇంత బాగా చెప్పలేదు. హీరోయిన్ వెళ్లకుండా ఆగిపోయే సీన్‌కి డబ్బింగ్ ఇవాళే. నీ రాత ఎదురుగా పెట్టుకుని చెబుతాను. అందుకే ఆ కాగితం పట్టుకెళ్తున్నా, వెతక్కు.

స్టూడియో కారు వచ్చేసింది.

ఇంకొక్క మాట. అది నా మాటే అనుకున్నావు సరే, “తొందరపడ్డాం, నిజమే” అని ఎలా ఒప్పేసుకున్నావయ్యా? సాయంత్రం వచ్చాక తేలుద్దాం. నిదానంగానే.