అది గోడ సున్నం కాదక్కా

అక్కా,

"నీ సున్నమేరా నా బిడ్డ కన్ను తినింది" అని నిన్న ఫోన్ పెట్టేస్తివి. మళ్లా చేస్తే ఎత్తలేదు. అందుకే రాస్తాండా. హాలహర్వి నరసన్న ఊరికి పోతాండాడు, ఆయన చేతికిస్తా. అమ్మ బాగుందా? మోకాళ్లు ఎట్లుండాయి? ఈడ బెంగళూరులో నేను బాగానే ఉండా. వానకు గోడలు ఆరక రంగు పని సరిగా లేదు. పొద్దున చిత్రాన్నం తింటాండా, ఉగ్గాని యాడ దొరుకుతాది. బాగానే ఉండాలే.

తప్పు నాదే. మంజు కంటికి స్కానింగ్ తీసినాక డాక్టరమ్మ కన్నడంలో కాల్షియం ఉందనింది. "అంటే ఏందిరా?" అని నువ్వు అడిగితివి. ఏడో తరగతిలో బడి మానేసినోన్ని, నాకేం తెలుసు. "సున్నం అక్కా" అంటి. శివరాత్రికి నేనొచ్చినప్పుడు నా జేబులోని, పొగాకులోకి కలుపుకునే సున్నం ట్యూబు మంజు తీసి కంట్లో పిండుకున్నది నీకు మతికొచ్చింది. నాకూ మతికొచ్చింది. బస్టాండులో మంజునెత్తుకుని ఊరి బస్సెక్కితివి.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినాక పని ఇడ్సిపెట్టి ఆ డాక్టరమ్మ దగ్గరికే పోయినా. "ఆ సున్నమైతే కంటి పైన కాలుస్తాది కదప్పా. ఇది కన్ను లోపల, వెనక పెరిగిన గడ్డ. కాల్షియం ఆ గడ్డలోనే గింజలు గింజలుగా కట్టింది. ఎవరూ వేసింది కాదు" అనింది. మూడు సార్లు అడిగినా. మూడోసారి నా భుజం మీద చెయ్యేసింది. అందరి ముందర ఏడిస్తి అక్కా.

ఆ గడ్డ క్యాన్సర్. స్కానింగ్ తీసిన పొద్దే డాక్టరమ్మ చెప్పింది. కన్ను తీయాలన్నది నీకు చెప్పితి, ఈ మాట నోట్లోనే మింగితి.

గోనెగండ్లలో మంజు కంట్లో పసరు పోపిస్తాండావంట, సున్నం కరుగుతాదని. కరగదక్కా. గోడ సున్నమైతే నేనే గీకి తీద్దును. కన్ను తీస్తే పిల్ల బతుకుతాదంట, రెండో కంట్లో ఏమీ లేదంట. ఇడ్సిపెడితే నరం పట్టుకుని తలకు పోతాదంట. ఒంటికన్ను పిల్ల అంటారంటివి. అననీ. అట్ల పిలిచేదానికైనా పిల్ల ఉంటాది గదా.

నన్ను తిట్టు. నా సున్నమే అనుకుంటే అట్లే అనుకో, నా మొకం చూడొద్దు. నరసన్న ఆదివారం తిరిగొస్తాండాడు, మంజునెత్తుకుని ఆయనతో బస్సెక్కు. బస్టాండుకు నన్ను రావద్దంటే రాను, ఆయనే ఆసుపత్రికి తీసుకుపోతాడు.

అమ్మ కాళ్లకు మొక్కినానని చెప్పు. బావను అడిగినానని చెప్పు. మంజు నాకోసం "ఈరి మామ యాడ" అని అడిగితే ఏం చెప్తావో నీ ఇష్టం, కానీ

నరసన్న కేకేస్తాండాడు, బస్సు కదులుతాంది. ఉరికిపోయి ఈ జాబు ఆయన చేతికియ్యాల అక్కా.