కారం చేతులు

ఫిబ్రవరి, సోమవారం రాత్రి

మిరపకాయల తొడిమలు తీసే పని ఇవాళే మొదలైంది. ఇంటికొచ్చి సబ్బుతో, శనగపిండితో చేతులు తోముకుని మరీ అక్వేరియంలో వేళ్లు పెట్టాను. రోజూ మీసాలతో వాటిని తడిమే నా హైబ్రిడ్ క్యాట్‌ఫిష్ ఒక్క ఉదుటున రాయి వెనక్కి పోయింది. ఇన్నాళ్లు మేపినందుకు ఇదా మర్యాద!

అక్వేరియం షాపతనికి ఫోన్ చేశాను.

"దానికి ఒళ్లంతా నాలుకేనమ్మా. కారం చేతులు పెట్టకండి. సీజనయ్యేదాకా మేత చెంచాతో వేయండి," అన్నాడు.

అంటే ఉగాది దాటేదాకా. రెండు జాతులు కలిపి పుట్టించిన హైబ్రిడ్ కాబట్టి దానికి జోడీ దొరకలేదు. నాకా, రోజు మొత్తంలో నన్ను తాకేవి ఆ మీసాలే.

చెంచాతో వేశాను, తింది. మేత అయిపోయాక కూడా చెంచా కాడ తడుముకుంటూ పైకి, నా వేళ్ల దగ్గరి దాకా వచ్చింది.

ఈసారి వెనక్కి తగ్గింది నేనే.