గ్లాసు మీద గీత

నవంబరు 3
నా నంబరుకి నానే మెసేజ్ పెట్టుకుంటన్నాను. ఇంకెవులికి పెడతాను. మనుసులెదర నాకు మాట రాదు.
అమ్మకి కుట్లు విప్పీసినారు. కుడి రొమ్ము తీసీసి మూడు వారాలయినాది. ఆ సెయ్యి పైకి లెగదు. నైటీ గుండీలు నన్ను పెట్టమంటాది... నాను గోడకేసి సూస్తా పెడతాను. అమ్మా గోడకేసే సూస్తాది.

నవంబరు 4
విశాక ఎల్లొచ్చినాం. డాక్టరమ్మ సెప్పినాది — సంకలో తీసిన గెడ్డల్లో కూడా రెండిట్లో క్యాన్సరు ఉందంట. ఆపరేషన్ ఒక్కటీ సాలదు, కీమో ఎక్కించాల. "బాగా ఆలోచించుకోండమ్మా, కానీ ఎక్కువ రోజులు తీసుకోకండి."
అమ్మ — "సూద్దాం మేడం."
బస్సులో కిటికీ కాడ కూకున్నాది. టెక్కలి దాటేక అన్నాది — "నాకొద్దురా."
ఏలనో అడగాల. అడగనేదు.

నవంబరు 6
మావ వచ్చినాడు టెక్కలి నుంచి, అమ్మ తమ్ముడు. ఆటో దిగకుండానే — "ఏరా అల్లుడూ, మీ యమ్మని ఒప్పించినావా, నోరు పెగల్నేదా?"
లోపలికొచ్చి — "అప్పా, ఇంతా సేసి ఇక్కడ ఆపీడమేటి? మడి దున్నీసి ఊడుపు మానీసినట్టు."
"నువ్వూడుసుకో ఎల్లి. మీ బావకి అన్ని సూదులు పొడిపించినాను, ఏటయినాది?"
మావ సెప్పులేసుకున్నాడు.
నాన్నకి నాలుగేల్లు డయాలసిస్. వారానికి మూడుపాల్లు పలాస ఆస్పత్రికి. నాను తొమ్మిదిలో బడి మానీసింది అప్పుడే.
అమ్మ బయ్యం జుట్టు గురించి కాదు. ఆ కీమో మందు కిడ్నీని కొట్టీసుద్దని. మా ఉద్దానంలో ఇంటికో కిడ్నీ రోగం. బాగున్నావా అని ఎవులడుగుతారు, రక్తంలో క్రియాటిన్ ఎంత అనే అడుగుతారు.

నవంబరు 9
కీమోకి ముందు తీసిన రక్తం రిపోర్టు వచ్చినాది. క్రియాటిన్ ఒకటి పాయింట్ ఏడు. ఉండాల్సిందానికన్నా ఎక్కువే.
అమ్మకి సదువు రాదు. ఆ లైను ఎక్కడుంటాదో మాత్రం తెలుసు. నాను సెప్పక ముందే ఏలు పెట్టీసినాది.
"సూసినావా. నాకూ వచ్చీసినాది. ఇంక కీమో గీమో అనకండి."
ఏడవనేదు. మొకం ఏటో తేలిగ్గా ఉన్నాది. అదే నాకు బయ్యం.

నవంబరు 10
మావ ఫోను.
"ఏటంటాది?"
"వద్దంటంది."
"నువ్వేటన్నావు?"
"ఏటీ అన్నేదు."
"నీ నోట్లో పచ్చి జీడిపిక్క పెట్టినారేట్రా? పొక్కిపోనాదా నాలిక?"

నవంబరు 12
ఆ రిపోర్టు సూపించడానికి మల్లా విశాక. నర్సమ్మ రాసుకుంటంది.
"రోజుకి నీళ్ళెన్ని తాగుతావమ్మా?"
"మూడు గ్లాసులు."
"మూడేనా? ఎవరు తగ్గించమన్నారు?"
అమ్మ నాకేసి సూసినాది. నాను అమ్మకేసి.
ఎవులూ అన్నేదు. నాన్నకి అన్నారు. డయాలసిస్ మనిసికి కొలిసి ఇయ్యాల. స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీసింది నానే. పదమూడేల్లు నాకప్పుడు. గీత దాటి పొయ్యకూడదు. నాన్న నోరెండిపోయి సూస్తంటే ఆయనెదర గటగటా తాగడం ఎలాగ... అమ్మ కూడా ఆ గ్లాసుతోనే, ఆ గీత కాడికే. నానూ అంతే — కాకపోతే జీడిపిక్కలు కాల్చే బట్టీ కాడ పనిలోకెల్లి కుండలో నీల్లు కడుపు నిండా తాగీసీవోన్ని. దొంగతనం సేసినట్టుండేది.
నాన్న పోయి రెండేల్లు. గీత ఉండిపోనాది.
డాక్టరమ్మ నాతోనే సెప్పినాది — "బాబూ, వారం రోజులు సరిగ్గా తాగించు. మళ్ళీ టెస్ట్ చేద్దాం. కిడ్నీ దెబ్బతిందో, నీళ్ళే చాలట్లేదో తెలుస్తుంది."
తలూపినాను.

నవంబరు 13
గ్లాసు నిండా పోసి ఇచ్చినాను. గీత కాడికి తాగి కింద పెట్టీసినాది.
"మిగతాది."
"సాల్రా."
"తాగు."
గట్టిగా వచ్చీసినాది నోట్లోంచి. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

నవంబరు 14
ఆ గ్లాసు అటక మీద పెట్టీసినాను, సెంబు ఇచ్చినాను. పనిలోంచి వచ్చేసరికి గ్లాసు మల్లా పొయ్యి పక్కన. సెయ్యి లెగదు కదా... స్టూలెక్కినాదేమో.

నవంబరు 16
నాలుగు సెంబులు. పెరట్లోకి ఎల్లినప్పుడల్లా నన్ను తిడతంది — "నీ నీల్లు మండ."

నవంబరు 17
ఇంటికి తెచ్చుకున్న జీడిపప్పుకి పొట్టు తీస్తంది. ఎడం సేత్తోనే. కుడిది ఒల్లో పడుకోబెట్టుకుంది సంటిపిల్లలాగ.
"ఒరే... తగ్గితే?"
"ఏటి?"
"క్రియాటిన్. తగ్గితే మీ మావకి ఇంక ఏటి సెప్పాలి?"
నాను పొట్టు ఊదుతన్నాను.
"మీ నాన్న సివర్లో ఇంక సాల్లే అన్నాడు. నానే ఇన్నేదు. ఇంకో ఆర్నెల్లు పొడిపించినాను." ఇంకో పప్పు తీసుకుని — "నాను పోతే నీకెవులున్నార్రా."
రెండూ ఒక్క నోటితోనే అన్నాది. ఏది పట్టుకోవాల నాను.

నవంబరు 19
రక్తం ఇచ్చినాం. రిపోర్టు ఫోన్‌కి వస్తాదంట. నా ఫోన్‌కి.

నవంబరు 20
మద్దేనం వచ్చినాది. బట్టీ ఎనకాల నిలబడి సూసినాను. ఒకటి పాయింట్ సున్నా.
పేరు సూసినాను. అమ్మదే. మల్లా సూసినాను.
ఎగరాల. ఎగరనేదు. గోడకి ఆనుకుని కూకుండిపోయినాను. ఆ గీత గీసింది నానే కదా...
కింద డాక్టరమ్మ మెసేజ్ — కిడ్నీ బాగుంది, సోమవారం రండి, మొదలుపెడదాం.
ఇది సూపిస్తే అమ్మకి అడ్డం పెట్టుకోడానికి ఏటీ మిగల్దు. సూపించకపోతే —

నవంబరు 20 సాయంత్రం
"వచ్చినాదా?"
"ఆ."
ఫోన్ ఇచ్చీసినాను. లైను మీద ఏలు పెట్టినాది. ఏలు తగిలి స్క్రీను కిందకి ఎల్పోనాది. మల్లా తెచ్చి సూపించినాను. సేలా సేపు సూసినాది.
దారంతా ఒక మాట అనుకుంటా వచ్చినాను. అమ్మా నాకు బయ్యంగా ఉంది, కీమో ఎక్కించుకో అని. సగమే వచ్చినాది — "అమ్మా, నాకు బయ్యంగా ఉంది."
"నాకూ" అన్నాది.
ఫోన్ నా సేతిలో పెట్టీసి పప్పు కాడికి ఎల్పోనాది.

నవంబరు 21
మావ — "రేపు కాక ఎల్లుండి ఐదుకల్లా ఆటో తెత్తాను. మీ యమ్మ ఎక్కుద్దా?"
"తెల్దు."
"తెల్దేటి గుంటడా?"
తిట్టనేదు ఈపాలి. మెల్లగా పెట్టీసినాడు ఫోను.

నవంబరు 22
రేపే.
పొద్దున సంచిలో సీర పెట్టినాది. మద్దేనం తీసి దండెం మీద ఏసీసినాది. ఎల్దామా అని అడగనేదు నాను. వద్దని అన్నేదు ఆవిడ.
ఇప్పుడు పెరట్లో ఉంది. సంచి మూల కాడే ఉన్నాది. ఇప్పి సూసినాను.
సీర నేదు. రిపోర్టులున్నాయి. వాటి మీద, గుడ్డలో సుట్టి, నాన్న గ్లాసు. ఎల్దామనా, ఇంక సాల్లే అనా?
అడగాల.