పోయినోళ్ల పేర్ల మీదే కరెంటు

రాజవ్వా, నా సంతోషానికి పట్టపగ్గాల్లేవే! మన బిడ్డ సుజాతకు ఆడపిల్ల పుట్టింది. ఇవాళ కోరుట్లలో తొట్టెల వేడుక. పాపకు నీ పేరే పెడతానన్నాను.

వియ్యపురాలు మొహం ముడుచుకుంది. "చిన్నవయసుల పోయినామె పేరు పసిపిల్లకు వద్దు అన్నా, అరిష్టం."

సుజాత ఇప్పుడు ఫిజిక్స్ టీచరు. ఆమె దగ్గర విన్న పాఠమే అందుకున్నాను.

"కరెంటు కొలిచే ఓల్టు, ఆంపియర్, వాట్ అన్నీ పోయిన శాస్త్రవేత్తల పేర్లే చెల్లె! సిరిసిల్లల నేను బట్ట నేసే సాంచ నడిచేది, మీ ఇంట్ల బల్బు వెలిగేది గా పేర్ల లెక్కతోనే. గవి అరిష్టం గాదు గని, నా రాజవ్వ పేరు అరిష్టమా? పెడ్త. ఎవలు ఆపుతరో చూస్త!"

సుజాత కిసుక్కున నవ్వి పాపను నా చేతుల్లో పెట్టింది. అందరికీ వినపడేలా "రాజవ్వా" అని పిలిచాను. ఇన్నేళ్లకు ఆ పిలుపుకు ఒకరు కళ్లు తెరిచి నన్ను చూశారే!