నుదుటి మీద ఊడిన పెచ్చు

టోక్యో, ఏప్రిల్ 9

నాన్నగారికి సుమియె నమస్కరించి రాసేది. దగ్గు తగ్గింది, కంగారు పడకండి.

గుడి నాటకంలో మీరు కట్టుకునే కన్నెపిల్ల కొయ్యముఖం ముసుగును బొమ్మగా చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చులు తీస్తున్నానని రాశాను కదా. దాని నుదుటి మీద పెచ్చూడిన చోటును కూడా ఉన్నదున్నట్టు గుంటగా చెక్కాను. నిన్న రంగు పూసి అచ్చు తీస్తే నుదురు నున్నగా వచ్చింది! నా చిత్రాలు అమ్మిపెట్టే హనెదా నాకు చెప్పకుండా ఆ గుంటలో చెక్కముక్క బిగించి పూడ్పించాడు.

అడిగితే, "పెచ్చూడిన ముఖాన్ని గోడకి ఎవరు పెట్టుకుంటారమ్మా? బాగుచేయించాను, సంతోషించు" అంటాడు!

ఒళ్ళు మండిపోయింది. "ఇల్లు తగలబడిన రోజు మా అమ్మ ఆ ముసుగును చంకన పెట్టుకుని కిటికీలోంచి దూకితే తగిలిన దెబ్బండీ అది. పూడ్చడానికి మీరెవరు?" అని, ఆయన కళ్ళముందే ఉలితో ఆ ముక్క పెకలించి చేతిలో పెట్టాను.

ఎండబెట్టిన సముద్రపు నాచు కాస్త పంపండి. పైకప్పు కారడం ఆగిందా?

జూన్ ఆటకి ముసుగుకు కొత్త రంగు వేయిస్తున్నారని చెల్లి రాసింది. వేయించండి. నుదుటి జోలికి వెళ్ళారంటే మాత్రం, పడవెక్కి వచ్చి మీతోనూ ఇలాగే పోట్లాడతాను.

అమ్మ పటం ముందు నా పేరు చెప్పి ఒక అగరొత్తి వెలిగించండి.

సుమియె