శ్రావణి కూత వినిపించనప్పుడు

శ్రావణి నాన్నకి,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. ఇవాళే నీ బిడ్డ హన్మకొండలో కబడ్డీ సెమీఫైనల్ ఆడింది. కాస్తయితే నేను దాన్ని ఓడించేదాన్ని.

నువ్వు పోయాక నోరు విప్పని పిల్ల ఈ ఆటలోనే మళ్లీ గొంతెత్తింది. అందుకే మాన్పించలేను. చూడాలంటే మాత్రం భయం. కళ్లు మూసుకుని దాని కూత వింటాను. 'కబడ్డీ, కబడ్డీ' అని వినిపిస్తున్నంతసేపూ ఊపిరి ఆడుతున్నట్టే కదా. దవాఖానలో నీ ఊపిరి వింటూ పక్కన కూర్చున్న తొమ్మిది రోజుల్లో అయిన అలవాటు.

చివర్లో కూతకు వెళ్లినప్పుడు నర్సంపేట పిల్లలు ఐదుగురు దాని మీద పడ్డారు. జనం అరుపుల్లో కూత నాకు వినిపించక కళ్లు తెరిచాను.

"లేవుండ్రే, సచ్చిపోతది నా బిడ్డ!" అంటూ చెప్పులతోనే కోర్టులోకి ఉరికాను. పిల్లలు బిత్తరపోయి వదిలేశారు. రిఫరీ ఆ కూతను రద్దు చేశాడు.

"ఏందక్కా, నువ్వు గూడ టీమ్‌లున్నవా?" అని నర్సంపేట తల్లి ఒకామె నవ్వింది.

శ్రావణి నవ్వలేదు. మోచేతుల నిండా మట్టి. "గీత జానెడు దూరంల ఉండె అమ్మా. కూత ఆపలే నేను. నాకింక దమ్ముండె!"

ఎలాగో ఒక్క పాయింటుతో గెలిచారు. రేపు ఫైనల్. నన్ను రావద్దంటుందనుకున్నాను.

"రా. గని నేను లేసేదాంక నువ్వు లేవకు" అంది.

సరే అన్నాను. అది లేచేదాకా కూర్చోవడం నాకు చేతనవుతుందా?