దుప్పట్ల పెట్టెకి డామరు

నూకరత్నం, దుప్పట్ల పెట్టె మూత ఇవాళ తియ్యకు, లోపల డామరు ఆరలేదు. నాను హార్బరుకి బోటు పని మీద పోతన్నాను.

మీ తమ్ముడు దుర్గారావు వస్తే కొట్టుగదిలోకి రానియ్యకు. నిన్న పెట్టె చూసి, "బావా, దీనికి ఇంజనెప్పుడు బిగిస్తావు?" అన్నాడు. ముప్పై ఏళ్లు పడవలు చేసిన చెయ్యి, అడుగు కొంచెం గుండ్రంగా వచ్చింది. ఊగకుండా కింద చెక్కముక్కలు పెట్టాను, కదపకు. ఆడు జన్మలో ఒక్క మేకైనా తిన్నగా కొట్టాడా?

నవ్వితే నవ్వుకోండి. పోయిన తుపానుకి మీ అమ్మ కుట్టిన బొంత సగం పాడైతే నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అందుకే పెట్టె అతుకులన్నిట్లో పడవకి చేసినట్టే దూది కూరి డామరు పూశాను. ఆ మిగిలిన సగం రేపు పెట్టుకో. ఇల్లు మునిగినా అది తేల్తాది.